యూరియా చల్లే ముందు వేరు చూడండి

పత్తికొండ అంటే టమాటానే అనుకుంటారు. రేటు పడిపోయి రోడ్డు మీద పారబోసిన ఫొటోలు మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటాయి. కానీ మా ఎర్రనేలల్లో వానను నమ్ముకుని వేసే పంట ఇంకోటుంది. వేరుశనగ. మా దగ్గర బుడ్డలు అంటాం.

ఈసారి ఊరెళ్తే, విత్తి నెల దాటిన బుడ్డల చెట్టును మట్టితో సహా తవ్వి తీయండి. పీకితే వేరు బుడిపెలు మట్టిలోనే రాలిపోతాయి. ఒక బుడిపెను గోటితో చిదమండి. లోపల గులాబీ రంగు ఉంటే బ్యాక్టీరియా డ్యూటీలో ఉన్నట్టు. ఆకుపచ్చగా మారితే పని అయిపోయినట్టు. ఆ ఎరుపు లెగ్‌హిమోగ్లోబిన్, మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమే.

గాలిలో 78 శాతం నత్రజని. దాన్ని అమ్మోనియాగా మార్చడానికి ఫ్యాక్టరీలో 400 డిగ్రీల వేడి, విపరీతమైన ఒత్తిడి కావాలి. ఈ బుడిపెలో అదే పని పొలం వేడికే జరిగిపోతుంది! చెట్టు చక్కెర ఇస్తుంది, బ్యాక్టీరియా నత్రజని ఇస్తుంది. ఇలాంటి బ్యాక్టీరియాను 1888లోనే డచ్ శాస్త్రవేత్త బైజెరింక్ బుడిపెల నుంచి వేరు చేసి పెంచాడు.

మరి మనం? ఆకు పసుపెక్కితే చాలు, యూరియా చల్లుతాం. విత్తేటప్పుడు కొద్దిగా వేస్తే వేరే మాట. ఎక్కువైతే చెట్టు బుడిపెలు పెట్టడమే తగ్గిస్తుంది. రోజూ పార్సిల్ వస్తుంటే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు? పైగా సున్నం ఎక్కువున్న నేలలో ఆ పసుపు ఇనుము లోపం కూడా కావచ్చు. అప్పుడు యూరియా దండగే.

రైజోబియం ప్యాకెట్ చూసి మా నాయన, "ఏముందిరా ఇందులో, బొగ్గుపొడి మాదిరుంది" అన్నాడు. పొడి మోసే బండి మాత్రమే నాయనా, సరుకు ప్రాణమున్న బ్యాక్టీరియా, పెరుగుకు తోడు లాంటిది అన్నా. ఒక షాపాయన ఆ ప్యాకెట్లను ఎండ పడే చోట పెట్టి అమ్ముతున్నాడు. అలాంటివి కొనకండి, తేదీ కూడా చూడండి. శిలీంధ్రనాశిని పట్టించే పనుంటే అది ముందు, రైజోబియం చివర. బెల్లం నీళ్లు కాచి, బాగా చల్లారాక పొడి కలిపి, గింజ పొట్టు ఊడకుండా పట్టించాలి. నీడలో ఆరబెట్టి ఆ రోజే విత్తేయాలి.

ఇంకో చిక్కుంది. కోతప్పుడు చెట్టు వేరుతో సహా పీకేస్తాం, కట్టె పశువులకు వామి వేస్తాం. చెట్టు పట్టుకున్న నత్రజనిలో చాలా భాగం దాంతోపాటే పొలం దాటేస్తుంది. పేడ దిబ్బ నుంచి మళ్లీ ఆ చేలోకే తోలితేనే అది వెనక్కి వచ్చేది. మా ఇంట్లో ఎద్దులు అమ్మేసి నాలుగేళ్లయింది, దిబ్బ ఖాళీ. ఇప్పుడు కట్టె ఇచ్చి పేడ తెచ్చుకునే బేరం పక్కింటి మామతో మాట్లాడుతున్నాం.