ఓటు వేస్తే మెట్రో రాదు

మాట తప్పిన నాయకుడికి ఐదేళ్లకోసారి జనమే వాత పెడతారు, అంతకన్నా ఏం జవాబుదారీతనం కావాలి? టీవీ చర్చల నుంచి టీ కొట్టు దాకా చెల్లుబాటవుతున్న వాదన ఇది. హైదరాబాద్ మెట్రో ముందు మాత్రం నిలవదు.

జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన కారిడార్ 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దగ్గర ఆగింది. మిగిలింది దాదాపు ఐదున్నర కిలోమీటర్లు. 2010 నాటి ఒప్పందంలోనే ఉన్న ముక్క అది. దానికి 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి శంకుస్థాపన చేశారు.

ఆ ఒప్పందానికీ ఈ శంకుస్థాపనకూ మధ్య అసెంబ్లీ ఎన్నికలు మూడుసార్లు వచ్చాయి. ఆ దారి సాగే పాతబస్తీలో పట్టున్న మజ్లిస్‌కు మూడుసార్లూ ఏడు సీట్లే, ఒకటి తగ్గలేదు, ఒకటి పెరగలేదు. అక్కడి ఓటర్లను తప్పుపట్టడానికేం లేదు. పింఛను, భద్రత, మతం, వీధి దీపం అన్నీ కలిపి ఒకే మీట నొక్కాలి మరి. అందులో మెట్రో వాటా ఎంత? 2023లో రాష్ట్రమంతా బీఆర్ఎస్‌ను దింపినా, హైదరాబాద్ జిల్లాలోని 15 స్థానాల్లో ఆ పార్టీకి ఏడు దక్కాయి, కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. మెట్రో ఎక్కే ఊరు శిక్షించలేదు, మెట్రో చూడని ఊళ్లు శిక్షించాయి!

ఓటు నాయకుణ్ని మార్చగలదు. మాటను నిలబెట్టలేదు. 2022 డిసెంబర్ 9న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ రాయదుర్గం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల మెట్రోకు పునాది వేశారు, ఖర్చు 6,250 కోట్లన్నారు. ఏడాది తిరిగేసరికి కొత్త ప్రభుత్వం దాన్ని పక్కనబెట్టి వేరే దారి ఎంచుకుంది. ఆ నిర్ణయంలో పస లేకపోలేదు, ఆ వైపు ఔటర్ రింగ్ రోడ్డు ఉండనే ఉంది. అయితే లెక్క చెప్పాల్సింది ఎవరు? మేముంటే కట్టేవాళ్లమని ఓడినవారు అనొచ్చు, అది మా మాట కాదని గెలిచినవారు అనొచ్చు. ఇద్దరికీ తప్పించుకునే దారి చూపించింది ఆ ఓటే. ఆలస్యంతో ఖర్చు పెరిగిందని మెట్రో కట్టిన ఎల్‌అండ్‌టీ ప్రభుత్వాన్ని పరిహారం అడిగింది. రోజూ ఆటోకు చెల్లించే పాతబస్తీ చాంద్రాయణగుట్ట కూలీ ఎవరిని అడగాలి?

భూసేకరణ, కేంద్రం అనుమతి, అప్పులు ఉంటాయి కనుక ఆలస్యం సహజమే అంటారు. కావచ్చు. ఉదాహరణకు, నగర లోకల్ రైళ్ల (ఎంఎంటీఎస్) రెండో దశ ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్రానివి, ఒక వంతు రైల్వేది. ఎవరి వాటా ఎప్పుడు, ఎంత ముట్టిందో ఏటా శాసనసభ ముందు పెట్టి ఉంటే, ఆలస్యంలో సహజమైనదెంతో, చేతకానిదెంతో తేలిపోయేది.

ఇందుకు కొత్త సంస్థ అక్కర్లేదు. లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ 1953 నుంచి ఉంది. మంత్రి సభలో ఇచ్చిన హామీ అమలయ్యేదాకా వెంటపడటం దాని పని. శిలాఫలకం పక్కన మైకులో చెప్పిన మాట మాత్రం దాని పరిధిలోకి రాదు. రాష్ట్ర శాసనసభ ఈ హద్దు చెరపాలి. ప్రజాధనంతో జరిగే ప్రతి శంకుస్థాపననూ సభలో ఇచ్చిన హామీగానే నమోదు చేయాలి. ప్రభుత్వం మారితే ఆ పద్దు కొత్తవారి పేరు మీదికి రావాలి. రద్దు చేసుకుంటే చేసుకోవచ్చు, కారణమూ అప్పటిదాకా అయిన ఖర్చూ సభలో చెప్పి.