బిడ్డ నడకే కొలత

పసిబిడ్డ ఉన్న ఇంటికి పంచాంగం వేరుగా ఉంటుంది. మొన్న పన్ను వచ్చింది, నిన్న గోడ పట్టుకుని లేచింది, ఇవాళ 'తాత' అంది. లోకానికి ఇవేవీ వార్తలు కావు. ఆ ఇంటికి మాత్రం ఇంతకు మించిన వార్త లేదు. మన పెద్దలు ఈ చిన్న చిన్న మలుపులను గుర్తించడంతో సరిపెట్టుకోలేదు, ఒక్కోదానికి ఒక్కో పిండివంట కూడా కేటాయించారు. బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు. ఊరిని బట్టి వంటకం మారుతుంది గాని, కులమతాల తేడా లేకుండా తెలుగిళ్లలో ఈ ముచ్చట ఉంది. ఇందులో ఒక వివేకం దాగి ఉంది. ఈ పండగలకు ముందుగా వేసుకున్న తేదీ లేదు. బిడ్డ ఏ రోజు అడుగేస్తే ఆ రోజే అరిసెలు. పండగే బిడ్డ కోసం ఎదురు చూస్తుంది, పండగ కోసం బిడ్డను ఎవరూ తొందరపెట్టరు.

ఇప్పుడు చాలా ఇళ్లలో ఈ వరుస తారుమారైంది. మొదటి పుట్టినరోజుకు మూడు నెలల ముందే ఫంక్షన్ హాలు మాట్లాడతారు. ఫ్లెక్సీలు, బెలూన్ల కమాను, బిడ్డ ఎత్తుకు సమానమైన కేకు, కేటరింగ్ అన్నీ సిద్ధమవుతాయి. ప్రార్థన చేయడానికి పాస్టరుగారిని పిలుస్తారు, వాక్యం పది నిమిషాల్లో ముగించమని ముందే చెబుతారు. ఏడు గంటలకన్న కార్యక్రమం బంధువులంతా చేరేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. రోజూ ఎనిమిదింటికి నిద్రపోయే బిడ్డకు ఆ రోజు గుచ్చుకునే జరీ గౌను, కళ్లలోకి కొట్టే లైట్లు, ఒకరి చేతిలోంచి మరొకరి చేతిలోకి మారుతుంటే కనిపించే కొత్త ముఖాలు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే ఫొటోగ్రాఫరు గిలక ఊపుతూ ఇటు చూడమంటాడు. ఏడాది వయసులో జరిగినవి పెద్దయ్యాక ఎవరికీ గుర్తుండవు. కాబట్టి ఈ వేడుక మన కోసమేనని ఒప్పుకోవడం మంచిది. మన సంతోషం కోసం వేడుక చేసుకోవడం తప్పు కాదు. పక్కవారు చేశారు గనక మనమూ చేయాలనుకుని, చీటీ ముందే పాడుకుని, మెడలోని గొలుసు తాకట్టు పెట్టి చేసే వేడుక దగ్గరే చిక్కంతా ఉంది. అతిథులు ఆ రాత్రికి వెళ్లిపోతారు, వడ్డీ మాత్రం ఇంట్లోనే ఉండిపోతుంది. దాన్ని తీర్చడానికి తండ్రి రెండు పూటల పని చేస్తాడు. బిడ్డ మాటలు నేర్చే ఆ ఏడాదంతా ఆయన ఇల్లు చేరేసరికి బిడ్డ నిద్రపోయి ఉంటుంది. బిడ్డ పేరున చేసిన వేడుక ఆ బిడ్డ తండ్రినే బిడ్డకు దూరం చేస్తే ఇక దాన్ని ఏమనాలి?

పసివారి వేడుక బైబిల్‌కు కొత్త కాదు. ఇస్సాకు పాలు విడిచిన రోజున అబ్రాహాము గొప్ప విందు చేశాడని ఆదికాండము 21వ అధ్యాయం చెబుతోంది. ఆ కాలంలో తల్లులు రెండు మూడేళ్ల దాకా పాలిచ్చేవారు. ఎందరో పసికందులు ఆ వయసు చేరకుండానే కన్నుమూసేవారు. బిడ్డ పాలు విడిచాడంటే గండం గడిచి బతికి నిలిచాడని అర్థం. అబ్రాహాము విందు వెనుక అంత కృతజ్ఞత ఉంది. అయితే ఆ వృత్తాంతం విందుతో ఆగలేదు. హాగరు కుమారుడైన ఇష్మాయేలు పరిహసించడం శారా కంటపడింది. ఆమె మనసులో ఇద్దరు పిల్లల మధ్య పోలిక మొదలైంది, వారసత్వం ఎవరిదన్న లెక్క తలెత్తింది. కొద్దిపాటి రొట్టె, నీళ్ల తిత్తి పట్టుకుని ఒక తల్లీ కొడుకూ బెయేర్షెబా అరణ్యంలో దారి తెలియక తిరిగే దాకా ఆ పోలిక వెళ్లింది. నీళ్లు అయిపోయి పొద కింద పడి ఉన్న ఆ చిన్నవాడి మొర దేవుడు విన్నాడు. విందు ఎవరి పేరున జరిగినా, పక్కకు నెట్టేసిన బిడ్డ గొంతు కూడా ఆయనకు వినబడుతుందన్నమాట.

పిల్లలను పోల్చి చూడడం మన వరండాల్లో ఈనాటికీ జరుగుతూనే ఉంది. ఆదివారం ఆరాధన ముగిశాక మందిరం మెట్ల దగ్గర నలుగురు తల్లులు చేరితే చాలు. "మా వాడు పదో నెలకే నడిచేశాడు, మీ పాప ఇంకా నడవట్లేదా అక్కా?" అని ఒకరు అడుగుతారు. అడిగినవారు మరుక్షణం ఆ మాట మరిచిపోతారు. పధ్నాలుగు నెలల పాపను చంకన వేసుకున్న ఆ తల్లికి మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టదు. ఇంటికి వెళ్తే అత్తగారు అదే అడుగుతారు, ఫోను చేస్తే అమ్మ అదే అడుగుతుంది. ఈ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా ఐదు దేశాల పిల్లలను పరిశీలించి 2006లో వివరాలు ప్రకటించింది. ఆరోగ్యంగా ఉన్న ఆ పిల్లల్లో ఎనిమిదో నెల నిండగానే సాయం లేకుండా నడిచినవారున్నారు, పదిహేడు నెలలు దాటాక నడిచినవారూ ఉన్నారు. నూటికి నలుగురైతే మోకాళ్ల మీద పాకడమన్నదే లేకుండా నడకలోకి వచ్చేశారు. ఇద్దరు పిల్లలు తొమ్మిది నెలల తేడాతో నడిచినా ఇద్దరిలో ఎవరికీ లోపం లేకపోవచ్చు. ఎవరి అడుగు వారిదే.

అలాగని పోల్చకూడదు గదా అనుకుని బిడ్డను గమనించడం మానేయకూడదు. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, ఏడాదిన్నర దాటినా నడవకపోయినా, ఒక్క మాటా పలకకపోయినా, వచ్చిన మాటలు మళ్లీ పోయినా వెంటనే పిల్లల డాక్టరుకు చూపించాలి. "వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి" అని రెండేళ్లు, మూడేళ్లు గడిపేసిన ఇళ్లు ఎన్నో. పిల్లల ఎదుగుదలలో లోపాలను ముందే గుర్తించి ఉచితంగా వైద్యం అందించేందుకు 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. అంగన్‌వాడీ టీచరును అడిగినా, ఆశా కార్యకర్తను అడిగినా దారి చెబుతారు. ప్రార్థన చేస్తున్నాం గదా అని డాక్టరు దగ్గరికి వెళ్లకుండా ఆగనక్కర్లేదు. దేవుడిచ్చిన బిడ్డకు ఆయనే ఇచ్చిన వైద్యుడి సాయం తీసుకోవడం అవిశ్వాసం కానే కాదు. అన్నట్టు, కేకు కోసిన కొన్ని నెలల తర్వాత అందరూ మరిచిపోయే మజిలీ ఒకటుంది. 16 నుంచి 24 నెలల మధ్య తట్టు, రుబెల్లా రెండో డోసు, డీపీటీ బూస్టరు వేయించాలి. దానికి ఫ్లెక్సీ కట్టరు, అతిథులూ రారు. బిడ్డ క్షేమం మాత్రం దానిలోనే ఉంది.

పిల్లలతో ప్రయాణం ఎలా చేయాలో యాకోబు దగ్గర నేర్చుకోవచ్చు. పద్దనరాము నుంచి భార్యలు, పిల్లలు, మందలతో తిరిగి వస్తున్న యాకోబుకు అన్న ఏశావు నాలుగు వందల మంది మనుషులతో ఎదురొచ్చాడు. ఇరవై ఏళ్ల నాటి పగ కన్నీళ్లలో కరిగిపోయాక, కలిసి వెళ్దాం పదమన్నాడు. యాకోబు ఒప్పుకోలేదు. పిల్లలు పసివాళ్లని, పాలిచ్చే పశువులను ఒక్కరోజు వడిగా తోలినా మంద చచ్చిపోతుందని చెప్పాడు. అన్నను ముందు సాగమని, తాను మాత్రం మందలు, పిల్లలు నడవగలిగినంత మెల్లగానే వస్తానన్నాడు (ఆదికాండము 33). ఆనాడు అన్నను నొప్పించకుండా ఉండడం యాకోబుకు ప్రాణావసరం. అయినా పెద్దల మర్యాద కోసం పసివాళ్ల కాళ్లను బలి పెట్టలేదు. హన్నా కూడా అంతే. ఏటేటా షిలోహుకు వెళ్లే ఆ కుటుంబంలో, సమూయేలు పాలు విడిచేదాకా తాను రానని ఆమె భర్తకు చెప్పింది. ఎల్కానా ఆమెను బలవంతపెట్టలేదు, నీకు మంచిదని తోచినట్టే చేయమన్నాడు. దేవుని మందిరానికి వెళ్లే ప్రయాణమే బిడ్డ కోసం ఆగిందంటే, మన విహారయాత్రలు, విందులు ఒక పూట ఆగితే నష్టమేమిటి?

క్రిస్మస్ రోజున మెదక్ చర్చికి, ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకు, సెలవుల్లో విశాఖ సముద్రతీరానికి, హైదరాబాద్ జూపార్కుకు పసివాళ్లను ఎత్తుకుని వెళ్లే కుటుంబాలెన్నో. జూలో పెద్దలు పులిని చూపిద్దామని ఎండలో పరుగులు పెడతారు. బిడ్డ మాత్రం తాగునీటి కుళాయి దగ్గర నిలబడి, కారే చుక్కల్లో వేలు పెట్టి నవ్వుతుంది. టికెట్టు కొన్నది పులి కోసమని మనకు విసుగు. ఆ బిడ్డకు ఆ రోజు జరిగిన గొప్ప వింత ఆ నీటి చుక్కే. ఒక పది నిమిషాలు అక్కడ ఆగితే పోయేదేమీ లేదు. పులి రేపు కూడా బోనులోనే ఉంటుంది, బిడ్డకు నీటిచుక్క వింతగా తోచే వయసు మాత్రం రేపటికి ఉండకపోవచ్చు. ఆగే ఓపిక లేకనే మనం బిడ్డ చేతికి ఫోనిస్తున్నాం. బస్సులో ఏడిస్తే ఫోను, అన్నం తినకపోతే ఫోను, ఆరాధనలో అల్లరి చేస్తే ఫోను. రెండేళ్లలోపు పిల్లలకు తెర చూడడం అసలు తగదని, ఆ పైన కూడా రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పసివాళ్లు మాటలను మనిషి ముఖం చూసి నేర్చుకుంటారు. తెర ఎంత మాట్లాడినా, బిడ్డ తిరిగి పలికితే ఊఁ కొట్టదు.

మందిరంలో బిడ్డ ఏడిస్తే వెనక్కి తిరిగి చూసే కళ్లకు కూడా ఒక మాట చెప్పుకోవాలి. కొందరు తమ పసికందులను యేసు దగ్గరికి తెస్తే శిష్యులు గద్దించారు. ఆయన మాత్రం ఆ పిల్లలనే దగ్గరికి పిలిచాడు. యెరూషలేముకు, సిలువకు సాగుతున్న ప్రయాణంలో ఆయన వారి కోసం ఆగాడు. అంతకన్నా ముఖ్యమైన ప్రయాణం మనలో ఎవరికుంది?

ఇక ఏ మలుపునూ కళ్లారా చూడలేని తల్లిదండ్రులున్నారు. కడప ప్రాంతం నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లిన తల్లులు, కరీంనగర్, నిజామాబాద్ నుంచి గల్ఫ్ వెళ్లిన తండ్రులు బిడ్డ మొదటి అడుగును ఫోను తెర మీదే చూస్తారు. బిడ్డ అమ్మమ్మనే 'అమ్మా' అని పిలుస్తుంటే నవ్వుతూ విని, ఫోను పెట్టేశాక కళ్లు తుడుచుకుంటారు. వారికి హన్నా తోడుంది. సమూయేలును షిలోహులో విడిచి వచ్చాక ఆమె ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి పట్టుకెళ్లేదని మొదటి సమూయేలు గ్రంథం రెండో అధ్యాయంలో చదువుతాం. రోజూ కంటి ముందు లేని బిడ్డకు కొలత ఎలా తీసుకుంది? ఏడాదిలో ఎంత ఎదిగి ఉంటాడో, భుజాలు ఎంత విచ్చుకుని ఉంటాయో మనసులో లెక్కకట్టి గుడ్డ కత్తిరించి ఉంటుంది. కువైట్ దుకాణంలో గౌను కొంటూ, ఇంత ఎత్తు ఉంటుందేమోనని గాలిలో చెయ్యి పెట్టి చూపించే తల్లి చేసేదీ అదే. ఊళ్లో ఉన్న పెద్దలారా, ఆ తల్లికి సాయపడండి. నెలకోసారి బిడ్డను తలుపు చెక్కకు ఆనించి గీత గీసి ఫొటో పంపండి. ఆమె పని ముగించుకుని ఫోను చేసేసరికి, మన గడియారం రెండున్నర గంటలు ముందున్నందువల్ల, బిడ్డ నిద్రలో ఉంటుంది. ఆమెకు తీరిక దొరికే వేళ ఏదో కనుక్కుని ఆ వేళకు బిడ్డను మేలుకొలిపి ఉంచండి. వెయ్యి రూపాయల కేకు కన్నా అది పెద్ద వేడుక.

హోషేయ గ్రంథం 11వ అధ్యాయంలో దేవుడు తన ప్రజలతో తనకున్న బంధాన్ని చెబుతూ, బిడ్డ చెయ్యి పట్టుకుని నడక నేర్పిన తండ్రిగా తనను పోల్చుకున్నాడు. పసిబిడ్డకు నడక నేర్పే మనిషిని చూడండి. నిటారుగా నిలబడి ఆ పని చేయలేడు, నడుము వంచాలి. తన అడుగు తనది కాదు, బిడ్డ అడుగెంతో తన అడుగూ అంతే. పడితే లేపాలి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. మన ఆలస్యాలను, తప్పటడుగులను దేవుడు అలాగే భరించాడు. ఎదుటివారి నడకతో పోల్చి మనల్ని విడిచిపెట్టలేదు. ఆ ఓర్పును అనుభవించినవారు ఇంట్లోని చిన్నవారికి దానిలో కొంతైనా పంచకపోతే ఎలా?

కాబట్టి ఈ వారం మీ ఇంట్లో బిడ్డ అడుగేస్తే అరిసెలు వండండి. ఇంకా వేయకపోతే, ఆమె చిటికెన వేలు పట్టుకుని వీధి చివరి దాకా ఆమె నడవగలిగినంత మెల్లగా వెళ్లి రండి. ఎవరైనా ఇంకా నడవట్లేదా అని అడిగితే, నడుస్తుందండి, మేము పక్కనే ఉన్నామని చెప్పండి.