రాయి టెక్కలిది, పప్పు పలాసది, మందు గోవాది

మొన్నామధ్య హైదరాబాదులో ఒక మిత్రుడి ఫ్లాట్‌కి వెళ్ళాను. కొత్తగా హోమ్ బార్ పెట్టుకున్నాడు. షేకర్, జిగ్గర్, రెండు రకాల బిటర్స్, ఫ్రీజర్‌లో అద్దంలా మెరిసే మంచు దిమ్మలు. మనిషి మంచివాడు. పుస్తకాలు చదువుతాడు, వంట బాగా చేస్తాడు, గ్లాసు చేతికిచ్చే ముందు రెండు నిమిషాలు దాని కథ చెప్తాడు. ఆ రాత్రి కథ గోవా నుంచి తెచ్చుకున్న ఫెనీ సీసాది. నిమ్మరసం, కాస్త పంచదార పాకం, నిలువుగా చీల్చిన పచ్చిమిర్చి, గ్లాసు అంచుకి ఉప్పు. పోసే ముందు సీసా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టి, "చూడు, ఈ వాసన ఇంకెక్కడా దొరకదు. జీడిపండు! టెర్వార్ అంటే ఇదీ," అన్నాడు.

ఆ వాసన నాకు ఎనిమిదేళ్ళ వయసు నుంచీ తెలుసు. ఏప్రిల్ నెల, వజ్రపుకొత్తూరు వైపు మా అమ్మమ్మ వాళ్ళ జీడితోట. పండి రాలిన పళ్ళు ఇసకలో ఎర్రగా, పచ్చగా పరుచుకుని ఉంటాయి. ఆడవాళ్ళు వంగి పండు ఎత్తి, పిక్క తిప్పి పీకి గోనెలో వేసి, పండుని అక్కడే పారేస్తారు. రెండో రోజుకి అది పులుస్తుంది. తోటంతా తియ్యగా, ఘాటుగా, కొంచెం కుళ్ళిన వాసన. ఈగలు, తుమ్మెదలు. కాలు పెడితే జారుతుంది. తింటే గొంతు గీరుతుంది, చొక్కా మీద రసం పడితే ఆ మరక జన్మలో పోదు. ఇన్ని పళ్ళు ఎందుకు పారేస్తున్నారని ఒకసారి అడిగాను. "పండుకేటి బావూ, పిక్కకి కదా డబ్బులు," అంది అమ్మమ్మ.

పండు బరువు పిక్క బరువుకి ఎన్నో రెట్లు. ఉద్దానంలో ఏటా ఎండాకాలం జీడిపంటలో ఎక్కువ భాగం ఇసకపాలు అవుతుందన్నమాట. ఆ ఇసకపాలయ్యేదాన్నే నా మిత్రుడు టిష్యూ పేపర్లో చుట్టి, సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుని తెచ్చాడు.

గ్లాసు పెట్టిన కౌంటర్ వైపు చూశాను. నీలి గ్రానైట్. చూడగానే మా టెక్కలి నీలం అనిపించింది. ఎక్కడి రాయని అడిగితే, బిల్డర్ వేయించాడు, తెలీదు అన్నాడు. ప్లేట్లో మంచింగ్‌కి ఉప్పూ కారం వేసి వేయించిన జీడిపప్పు. అది పలాసదని మాత్రం తెలుసు, ప్యాకెట్ మీద ఉంది. రాయి మాది, పప్పు మాది. మధ్యలో గ్లాసులో ఉన్నది మాత్రం వెయ్యి కిలోమీటర్ల అవతలది, పైగా "ఇంకెక్కడా దొరకదు."

నా తగవు ఫెనీతో కాదు. గోవా వాళ్ళు చేసిన పని గౌరవంగా చెప్పుకోవాల్సిందే. అక్కడా రాలిన పండే ఏరుతారు. తొక్కి రసం తీస్తారు. పంచదార, ఈస్టు ఏమీ కలపకుండా కొన్ని రోజులు పులియబెడతారు. బట్టీలో మొదటిసారి దిగినదాన్ని ఉర్రాక్ అంటారు. తేలికైన ఎండాకాలపు మందు అది, నిమ్మ సోడాలో ఉప్పు, పచ్చిమిర్చి వేసుకుని తాగుతారు. మళ్ళీ కాచి ఘాటు పెంచితే ఫెనీ. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ, తెచ్చుకున్నారు. 2016లో వారసత్వ పానీయం హోదా ఇచ్చుకున్నారు. ఒకప్పుడు కంపు కొడుతుందని బీచ్ షాకుల్లో కూడా ముక్కు మూసుకున్న మందు ఇవాళ మీ కాక్‌టెయిల్ పుస్తకాల్లోకి ఎక్కింది. జీడిచెట్టు అసలు ఇద్దరికీ పరాయిదే. పోర్చుగీసు వాళ్ళు బ్రెజిల్ నుంచి పట్టుకొచ్చారు. కాబట్టి మట్టి మహత్యం గురించి గోవా ఇసకకి ఉన్న హక్కు ఉద్దానం ఇసకకీ ఉంది.

ఇదే పని పలాస పక్కన ఎవరైనా చేస్తే ఏమవుతుంది? మర్నాడు జిల్లా ఎడిషన్లో నాలుగు వాక్యాల వార్త అవుతుంది. ఊట పారబోశారు, బట్టీ ధ్వంసం చేశారు, ఫలానావాళ్ళ మీద కేసు. ఫొటోలో పగిలిన డ్రమ్ము, దాని వెనక చేతులు కట్టుకున్న సిబ్బంది. చట్టం ప్రకారం అది సరైన పనే. ఇంట్లో బట్టీ పెట్టడం నేరం, పెట్టమని నేను ఎవరికీ చెప్పను. నేను అడిగేది వేరు. ఒకే పండు, ఒకే పులుపు, ఒకే ఆవిరి. అది ఒక తీరంలో వారసత్వం, ఇంకో తీరంలో నేరం ఎలా అయింది? ఆ తేడా పండులో లేదు, రుచిలో లేదు. లైసెన్స్ కాగితంలో ఉంది. ఆ కాగితం ఎవరికి ఇవ్వాలనే ఆలోచనలో ఉద్దానం పేరు ఎప్పుడూ రాలేదు.

దీనికి పక్కన ఇంకో సంగతి పెట్టి చూడండి. మన దేశంలో విస్కీ అని అమ్ముడయ్యే మామూలు సీసాల్లో ఎక్కువ భాగం మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్. చక్కెర మిల్లులో మిగిలిన మడ్డిని పులియబెట్టి, కాచి, రుచీ వాసనా లేకుండా శుద్ధి చేసి, ఆ తర్వాత రంగూ వాసనా కలుపుతారు. కొన్నిట్లో కాస్త మాల్ట్ కలుపుతారు. ఇంగ్లండులో దాన్ని విస్కీ అని అమ్మలేరు. ఆంధ్రలో 2019 నుంచి ఐదేళ్ళు సర్కారు దుకాణాల్లో జనం పేరు తెలీని బ్రాండ్లు తాగారు. 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణాలు తిరిగి వచ్చాయి, 99 రూపాయలకి క్వార్టర్ వచ్చింది. ప్రభుత్వాలు మారాయి, మడ్డి మారలేదు. మడ్డికి రంగు వేస్తే రాజస్వం. పండు రసం కాస్తే నేరం.

2025లో గీత కులాలకి పది శాతం మద్యం దుకాణాలు కేటాయించారు. ఉత్తరాంధ్రలో యాతలు, శ్రీశయనులు తరతరాలుగా కల్లుతో బతికిన వాళ్ళు. దుకాణాలు ఇవ్వడం మంచిదే, కాదనను. కానీ ఏం ఇచ్చారో గమనించండి. చెట్టెక్కి గీసిన వాడికి, ఏ గంటకి కల్లు తీపి, ఏ గంటకి పులుపు అని నాలుక మీద లెక్క ఉన్నవాడికి, ఫ్యాక్టరీ సీసా అమ్మే గల్లాపెట్టె ఇచ్చారు. చేతిలో ఉన్న విద్యకి లైసెన్స్ ఇవ్వాలని ఎవరికీ తోచలేదు.

ఇక్కడ నన్ను ఆపే వాళ్ళు ఉంటారు. ఆపాలి కూడా. "దూబగుంట గుర్తుందా?" అంటారు. గుర్తుంది. 1992లో నెల్లూరు జిల్లాలో అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టిన ఆడవాళ్ళు సారా దుకాణం మీదికి వెళ్ళారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997కి దాని సడలింపు. ఆ ఉద్యమాన్ని తక్కువ చేసే మాట నా నోట రాదు. మా అమ్మమ్మ కూడా ఆ దుకాణం వైపు వెళ్ళే మగవాళ్ళని తిట్టిన మనిషే. అయితే వాళ్ళు దేని మీద తిరగబడ్డారు? ప్రభుత్వం పాటలు పెట్టి, కాంట్రాక్టర్ల చేత, ప్యాకెట్లలో గుమ్మం దాకా పంపించిన సారా మీద. కూలి డబ్బులు ఇంటికి రాకముందే లాక్కున్న వ్యాపారం మీద. ఆ వ్యాపారం చచ్చిపోలేదు, సీసా మార్చుకుంది. 99 రూపాయల క్వార్టర్ దగ్గర ఆగిపోయే కూలి డబ్బులే ఇవాళ్టి దూబగుంట. దాని గురించి మాట్లాడని వాళ్ళు జీడిపండు బట్టీ అనగానే రోశమ్మని గుర్తు చేసుకోవడం నాకు నచ్చదు.

ఒప్పుకోవాల్సింది కూడా ఉంది. ఇవాళ దొంగతనంగా కాసే నాటుసారాలో చాలావరకు జీడిపండు ఏమీ లేదు. నల్లబెల్లం, నవసారం, చేతికి దొరికిన చెత్తా. దాన్ని రొమాంటిక్‌గా రాసే కవిత్వం మీద నాకు ఒళ్ళు మంట. బట్టీలో మొదట దిగేది, ఆఖర్న దిగేది తీసేయాలని తెలిసిన వాడు ఒకడైతే, ప్రతి చుక్కా అమ్మేవాడు పదిమంది. లైసెన్స్, పరీక్ష, పన్ను ఉండాలనేది అందుకే. చీకట్లో చేసే పనికి పనితనం నిలవదు.

రెండో అభ్యంతరం ఇంకా కష్టమైనది. కిడ్నీలు పోతున్న ఉద్దానంలో మందు తయారీ గురించి రాస్తావా అని. మా మావయ్య చుక్క ముట్టని మనిషి, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్ళేవాడు. తోటలోంచి బస్సుస్టాపుకి నడిచే ఓపిక లేక ఆఖరి ఏడాది ఆటో మాట్లాడుకునేవాడు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, ఎవరింటికి వెళ్ళినా ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. ఆ జబ్బుకి కారణం ఇంతవరకూ తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో వచ్చాయి. కాబట్టి ఈ సారా ఉద్దానం వాడు తాగడానికి అని నేను అనడం లేదు. ఉద్దానం వాడు తయారు చేసి, మీకు అమ్మడానికి అంటున్నాను. మీకంటే మీకే, సీసాకి రెండు వేలు పెట్టి మెజ్కాల్ పొగవాసన గురించి మాట్లాడుకునే మీకు. ఆ రెండు వేలలో ఎంతో కొంత తోటకి చేరితే మందుల చీటీకి పనికొస్తుంది.

ఎందుకంటే పిక్క ఒక్కదాని మీద ఆ ప్రాంతం ఎంత బతుకుతుందో చూస్తూనే ఉన్నాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు జీడిచెట్లు, కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. మళ్ళీ నాటిన మొక్క కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఎనభై కిలోల బస్తాకి ధర కోసం రైతులు రోడ్డెక్కుతుంటారు, మరోపక్క ఆఫ్రికా పిక్కలు ఓడల్లో దిగుతుంటాయి. కాశీబుగ్గ ఫ్యాక్టరీల్లో పిక్క కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు జీడి నూనెకి కాలి, చర్మం ఊడి, మళ్ళీ కాలుతుంటాయి. మీ ప్లేట్లో విరగని తెల్ల పప్పు ఉందంటే దాని వెనక అలాంటి వేలు ఒకటి ఉంది. ఇంత చేసి, పంటలో పెద్ద భాగాన్ని ఇసకలో వదిలేస్తున్నాం.

చేయడం అసాధ్యమేమీ కాదు. కేరళలో కన్నూరు జిల్లా పయ్యావూరు సహకార బ్యాంకు ఒకటి జీడిపండు మందు తీయడానికి 2022లో అనుమతి తెచ్చుకుంది. మధ్యప్రదేశ్‌లో అలీరాజ్‌పూర్ గిరిజన బృందాలు ఇప్పసారాని వారసత్వ మద్యంగా సీసాల్లో పెడుతున్నాయి. మన మహేంద్రగిరి వాలులో సవరలు కాచే ఇప్పసారా మాత్రం ఇంకా డ్రమ్ము ఫొటోలోనే ఉంది. ఫెనీ అనే పేరు గోవాది, దాన్ని వాడుకోలేం, వాడుకోకూడదు. మన పేరు మనం పెట్టుకోవాలి. నన్నడిగితే జీడిసారా అని పెట్టేయొచ్చు. "సారా" అన్న మాట దగ్గర మీ మొహం కొంచెం ముడుచుకుంది కదా? స్పిరిట్ అంటే ముడుచుకోదు. రెంటికీ అర్థం ఒకటే.

ఇది మన సాహిత్యంలోనూ ఉంది. కళింగాంధ్ర రచనకి సారా కొత్తది కాదు. కన్యాశుల్కంలో సారా దుకాణానికి ఒక రంగమే ఉంది. తాగుబోతు మనకి బాగా తెలుసు, వాడి చేతిలో నలిగిన ఇల్లాలు ఇంకా బాగా తెలుసు. కాసేవాడి పనితనం గురించి నేను చదివింది బహు తక్కువ. స్కాట్లాండు పీపాల గురించి వ్యాసం రాయగల తెలుగువాళ్ళు నాకు నలుగురు తెలుసు. జీడిపండు ఏ నెల్లో రాలుతుందో చెప్పగలవాళ్ళు ఆ నలుగురిలో లేరు. బెంగళూరు అమృత్ సింగిల్ మాల్ట్ 2004లో గ్లాస్గోలో ముందు విడుదలై, అక్కడ మెప్పు పొందాకే మన బల్లల మీదికి వచ్చింది. ఉద్దానం కూడా గ్లాస్గో దాకా వెళ్ళి రావాలా?

సరే, ఆ రాత్రి సంగతి. ఇవన్నీ ఇంత వరసగా అనలేదు, రెండో గ్లాసు తర్వాత కొంచెం గట్టిగానే అన్నాను. మిత్రుడు నొచ్చుకున్నాడు. "నేనేం చేశాను, ఒక డ్రింక్ కలిపాను," అన్నాడు. నిజమే. డ్రింక్ బాగుంది కూడా. పచ్చిమిర్చి కారం ఫెనీ ఘాటుతో పోటీ పడకుండా వెనకాల వచ్చింది. కవిటి కొబ్బరినీళ్ళు పోస్తే ఇంకా బాగుంటుందన్నాను. రాసుకున్నాడు.

వచ్చే ఏప్రిల్లో అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్తున్నాను. జీడిపండు రసానికి గంజి కలిపి వగరు తగ్గించే పద్ధతి ఒకటుంది, అది చేసి చూడాలి. మందు లేకుండానే, ఉప్పూ నిమ్మా వేసి. మిత్రుణ్నీ రమ్మన్నాను. షేకర్ తెస్తానన్నాడు. తెచ్చుకోమన్నాను గానీ, పాత చెప్పులు వేసుకు రమ్మని కూడా చెప్పాను. తోటలో కింద పళ్ళు జారతాయి.