రోడ్డు లెక్కలో నడిచేవాడు ఎక్కడ?



ట్రాఫిక్ ఎక్కువైందంటే అందరూ అనే మాట ఒక్కటే: "రోడ్డు వెడల్పు చెయ్యాలి." ఎంత వెడల్పు, ఎవరి కోసం అన్నది మాత్రం ఒక లెక్క మీద ఆధారపడి ఉంటుంది. ఆ లెక్క మన హాస్టల్ విద్యార్థులకు తెలియాలని నా అభిప్రాయం.

అమెరికాలోని ఒహాయోలో బ్రూస్ గ్రీన్‌షీల్డ్స్ అనే ఇంజనీరు రోడ్డు పక్కన కెమెరా పెట్టి బండ్ల కదలికను కొలిచి, 1935లో ఒక సూత్రం ప్రకటించాడు. రోడ్డు మీద బండ్లు చిక్కబడేకొద్దీ వేగం తగ్గుతుంది. కిలోమీటరులో 40 బండ్లుండి, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతే గంటలో 1,200 బండ్లు దాటుతాయి. ఎవరి వరుసలో వారు పోయే రోడ్లకు ఈ లెక్క చక్కగా సరిపోతుంది.

మన దగ్గర ఒకే వరుసలో బైకు, ఆటో, బస్సు, సైకిలు అన్నీ పోతాయి. అందుకే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో నగర రోడ్ల కోసం అన్నింటినీ కార్లలోకి మార్చే పట్టిక ఇచ్చింది. కారు 1 అయితే, మొత్తం ట్రాఫిక్‌లో వాటి వాటాను బట్టి బైకు 0.5 లేదా 0.75, ఆటో 1.2 లేదా 2, బస్సు 2.2 లేదా 3.7. రోడ్డు మీద ఎవరు ఎంత చోటు ఆక్రమిస్తారో చెప్పడానికి ఇది మంచి కొలతే. కానీ 50 మందిని మోసే బస్సు ఇందులో నాలుగు కార్లకన్నా పెద్ద అడ్డంకి కాదు, చిన్న ఉపకారమూ కాదు! ఎందరు మనుషులు దాటారన్నది ఈ పట్టిక అడగదు. కాలినడకన పోయేవాడికైతే అందులో అంకెే లేదు.

నడిచేవారికి వేరే ప్రమాణాలు ఉన్నాయని ఇంజనీర్లు అంటారు. నిజమే, ఉన్నాయి. కానీ కాగితం మీద ఉన్న ఫుట్‌పాత్ రోడ్డు మీద ఎంత దూరం ఉందో మనకు తెలుసు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 32,825 మంది పాదచారులు. అంటే దాదాపు ఐదుగురిలో ఒకరు. బండ్ల లెక్కలో కనిపించని మనిషి చావుల లెక్కలో కనిపిస్తున్నాడు.

అందుకని నాదొక సూచన. మన హాస్టళ్ళు చాలావరకు బడికి నడిచి వెళ్ళే పిల్లలవి. ఒక వారం పాటు ఉదయం, సాయంత్రం గేటు లోపల నిలబడి, పావుగంటకొకసారి లెక్క రాయండి. బండ్లు ఎన్ని, అందులో మనుషులు ఎందరు, రోడ్డు దాటేవారు ఎందరు, దాటడానికి ఎన్ని సెకన్లు ఆగారు. ట్రాఫిక్ సర్వేలు కూడా ఇలా పావుగంటల చొప్పునే లెక్కిస్తాయి. ఆ కాగితాన్ని వార్డెన్ గారి సంతకంతో కలెక్టర్ గారి అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి పంపండి. స్పీడ్ బ్రేకరు కావాలని ఊరికే అడిగితే అర్జీ అవుతుంది, అంకెలతో అడిగితే ఆధారమవుతుంది.

సూత్రాలు ఆకాశం నుంచి ఊడిపడవు. ఏది లెక్కించాలో ఎవరో ఒకరు నిర్ణయిస్తారు. సీనియర్లమైన మేమైనా, ఇప్పుడు పదో తరగతి చదువుతున్న తమ్ముళ్ళైనా, చెల్లెళ్ళైనా రేపు ఆ కుర్చీల్లో కూర్చోవాలి. నడిచి చదువుకున్నవాడు రోడ్డు లెక్క వేస్తే, నడిచేవాడికీ అందులో ఒక అంకె ఉంటుంది.