సుబ్బారావు పేరు చెప్పుకుంటే చాలదు

మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పిన కుర్రవాణ్ణి ఇక చదువు మాన్పించి పొలానికి పంపుదామనుకునే ఇళ్లు నేటికీ ఉన్నాయి. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అలా తప్పినవారే. మూడోసారి గట్టెక్కారు. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు ధరించి పెద్దల ఆగ్రహానికి గురయ్యారు. చివరకు ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది.

తరువాత అమెరికా వెళ్లి హార్వర్డు విశ్వవిద్యాలయంలో పరిశోధనకు దిగారు. శరీరంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఎ.టి.పి.ని గుర్తించారు. ఇంత చేసినా అక్కడ స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు.

అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. కణాలు పెరగాలంటే ఈ విటమిను కావాలి. దాన్ని పనికివచ్చే రూపానికి మార్చేది ఒక ఎంజైము. ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన మందు ఇస్తే, తాళంలో దొంగచెవి ఇరుక్కున్నట్లు అది ఎంజైములో చిక్కుకుంటుంది. కేన్సరు కణం పెరుగుదల ఆగుతుంది. ఆ ఎంజైము గుట్టు పూర్తిగా తేలింది ఆయన మరణానంతరమే. కాని ఆ కోవకు చెందిన మందుతోనే 1948 నాటికి రక్త కేన్సరు పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగింది. అదే కోవలోని మెథోట్రెక్సేట్‌ను నేడు కీళ్లవాతానికి కూడా వాడుతున్నారు. బోదకాలు నివారణకు ఊరూరా పంచిన డి.ఇ.సి. మాత్ర కూడా ఆయన బృందం కృషి ఫలితమే.

‘రసాయన శాస్త్రం చదివితే కూడు పెడుతుందా?’ అని అడిగేవారున్నారు. ఇంటి ఖర్చు చూసుకునే తండ్రి అలా అడగడంలో తప్పులేదు. కాని మందు పుట్టేది దుకాణంలో కాదు. ఏళ్ల తరబడి ఒకే ప్రశ్న పట్టుకు కూర్చున్నవారి ప్రయోగశాలలో పుడుతుంది. అలాంటివారిని తయారు చేయవలసింది పాఠశాలలే.

కనుక జయంతి నాడు దండ వేసి, ఉపన్యాసాలతో సరిపెట్టడం సుబ్బారావుకు నివాళి కాదు. ఉన్నత పాఠశాలల్లో ప్రయోగాలను నల్లబల్ల మీద బొమ్మగా చూపి ఊరుకోకుండా, పిల్లల చేత స్వయంగా చేయించాలి. ఇందుకు కావలసిన సామగ్రిని విద్యాశాఖ సమకూర్చాలి. పరీక్ష తప్పిన విద్యార్థిని మళ్లీ రాయించే బాధ్యత ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసి తీసుకోవాలి. మూడోసారి రాసేందుకు అవకాశం దొరకబట్టే ఆ భీమవరం బిడ్డ లోకానికి మందులివ్వగలిగాడు.