అద్దె ఇంట్లో నేరం: తాళం చేతికిచ్చాక మొదలయ్యే బాధ్యత

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం హైదరాబాద్‌ దిల్‌సుఖ్‌నగర్‌లో నిమిషాల తేడాతో రెండు బాంబులు పేలి 18 మంది చనిపోయారు. ఆ కేసును దర్యాప్తు చేసిన జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) నగర శివారు అబ్దుల్లాపూర్‌మెట్‌లోని ఒక అద్దె ఇంటి దాకా వెళ్లింది. కుట్రదారులు పేలుళ్లకు ముందు మకాం పెట్టింది అక్కడే. 2016లో ప్రత్యేక కోర్టు ఐదుగురికి మరణశిక్ష విధించింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది.

ఉగ్రవాద కేసులు అరుదు. మాదకద్రవ్యాల నిల్వ, వ్యభిచార గృహాలు, పేకాట శిబిరాలు, నకిలీ కాల్‌సెంటర్లు మాత్రం తరచూ వార్తల్లోకి వస్తున్నాయి. వీటిలో చాలావాటికి అద్దె ఇల్లే అడ్డా. సొంత చిరునామా బయటపడకూడదనుకునేవాడికి మరొకరి చిరునామా కావాలి. ఆ చిరునామా ఇచ్చేది ఇంటి యజమాని. అయితే నేరాన్ని అడ్డుకోవడంలో అతను ఏం చేయగలడన్న చర్చ మన దగ్గర ఎప్పుడూ పోలీసు ఫారం దగ్గరే ఆగిపోతోంది.

ఫారం నింపితే సరిపోతుందా?

ఢిల్లీ, ముంబయి వంటి నగరాల్లో అద్దెదారుల వివరాలు పోలీసులకు ఇవ్వాలని ఎప్పటికప్పుడు ఉత్తర్వులు వెలువడుతుంటాయి. ఒకప్పుడు సీఆర్‌పీసీ 144వ సెక్షన్‌ కింద ఇచ్చేవారు. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్‌ సురక్షా సంహిత 163వ సెక్షన్‌ కింద ఇస్తున్నారు. ఇలాంటి ఉత్తర్వు మామూలుగా రెండు నెలలకు మించి అమల్లో ఉండదు. అందుకే మళ్లీ మళ్లీ జారీ చేస్తుంటారు. ఉల్లంఘిస్తే భారతీయ న్యాయ సంహిత 223వ సెక్షన్‌ ప్రకారం ఆరు నెలల దాకా సాధారణ జైలు, లేదా రూ.2,500 దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ప్రాణాపాయం కలిగించే ఉల్లంఘన అయితే శిక్ష ఏడాది దాకా ఉంటుంది. విదేశీయులకు ఇల్లు ఇస్తే నిబంధన ఇంకా కఠినం. 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో అధికారులకు తెలియజేయాలి.

ఈ నమోదు అవసరమే. నేరం జరిగాక దర్యాప్తుకు అది పనికొస్తుంది, యజమానికి రక్షణగానూ నిలుస్తుంది. నేరాన్ని ముందే ఆపగలదా అంటే, దాని శక్తి పరిమితం. 2024 మార్చి 1న బెంగళూరు రామేశ్వరం కెఫేలో పేలుడు జరిగింది. ఆ కేసు నిందితులిద్దరూ ఏప్రిల్‌ 12న పశ్చిమ బెంగాల్‌లో పట్టుబడే వరకు దొంగ గుర్తింపు పత్రాలతోనే లాడ్జీలు మారుతూ వచ్చారు. ఆధార్‌ జిరాక్స్‌ తీసుకుని ఫైల్లో పెట్టుకోవడం తనిఖీ కాదు. ఆధార్‌ మీద ఉండే క్యూఆర్‌ కోడ్‌ను ఉడాయ్‌ యాప్‌తో స్కాన్‌ చేసి, వచ్చిన పేరూ ఫొటో ఎదుట ఉన్న మనిషివేనా అని చూసుకోవడం తనిఖీ. దానికి రెండు నిమిషాలు చాలు. ఇప్పటికీ మనలో చాలామంది జిరాక్స్‌తోనే సరిపెట్టుకుంటున్నాం.

కులం అడిగితే నేరం ఆగదు

ఇంటి కోసం తిరిగేవాళ్లకు ముందుగా ఎదురయ్యే ప్రశ్నలు వేరు. ‘మీరేమిట్లు?’, ‘మాంసం తింటారా?’, ‘ఫ్యామిలీయేనా, బ్యాచిలర్సా?’. దళితులు, ముస్లింలు, ఒంటరి మహిళలు, ఈశాన్య రాష్ట్రాల యువత ఈ వడపోతలో ఎక్కువగా బయటే ఆగిపోతున్నారు. దీన్ని ‘జాగ్రత్త’ అని సమర్థించుకునేవారూ ఉన్నారు.

నిజానికి ఈ వడపోత జాగ్రత్తకు పూర్తి విరుద్ధం. మోసం చేయదలచినవాడు యజమాని వినాలనుకున్న జవాబే సిద్ధం చేసుకుని వస్తాడు. పేరు మారుస్తాడు, ‘ఫ్యామిలీ’ని చూపిస్తాడు, ఆరు నెలల అద్దె ముందే చేతిలో పెడతాడు. నిజం చెప్పినవాడికి ఇల్లు దొరకదు. అలా తిరస్కరణకు గురైనవాళ్లు రాతకోతలు లేని గదులకు, బ్రోకరు నోటిమాట మీద నడిచే పోర్షన్లకు చేరతారు. ఎవరు ఉంటున్నారో ఎవరికీ లెక్కలేని అలాంటి చోట్లే నేరగాళ్లకూ అనుకూలం. వివక్ష అన్యాయమన్న మాట అలా ఉంచి, భద్రత లెక్కన చూసినా అది నష్టదాయకమే.

అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఇంతకుముందు ఎక్కడ ఉన్నారు? ఆ యజమాని ఫోన్‌ నంబరు ఇస్తారా? ఎక్కడ పనిచేస్తున్నారు? ఎంతమంది ఉంటారు? వీటికి వచ్చిన జవాబులను సరిచూసుకోవచ్చు. కులం సంగతి తెలిసినా దానితో సరిచూసేది ఏమీ ఉండదు. మార్కెట్‌ రేటు కంటే ఎక్కువ ఇస్తామంటూ ఒప్పందం వద్దనేవారు, అద్దె నగదుగానే ఇస్తామనేవారు, ఇల్లు సరిగా చూడకుండానే ఈరోజే తాళం కావాలనేవారు ఎదురైతే ఒక్క రోజు ఆగి ఆలోచించాలి.

రాతలో ఉండాల్సినవి

ఏడాదికి మించిన లీజును రిజిస్టర్‌ చేయించాలి కాబట్టి మన దగ్గర 11 నెలల ఒప్పందాలు అలవాటయ్యాయి. ఆ కాగితం కూడా చాలాచోట్ల జిరాక్స్‌ షాపులో పేర్లు మార్చి తీసిన నకలే. అందులో నాలుగు విషయాలు స్పష్టంగా ఉండాలి: ఇల్లు దేనికి వాడతారు, ఎవరెవరు ఉంటారు, మరొకరికి తిరిగి అద్దెకివ్వకూడదు, చట్టవిరుద్ధమైన పనులకు వాడితే ఒప్పందం రద్దవుతుంది. అద్దె బ్యాంకు ద్వారానే రావాలి. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం రాతపూర్వక ఒప్పందాన్ని తప్పనిసరి చేసింది. చట్టవిరుద్ధమైన వాడకాన్ని ‘దుర్వినియోగం’గా గుర్తించి, నోటీసు ఇచ్చాక కూడా మానకపోతే ఖాళీ చేయించేందుకు దాన్ని ఒక కారణంగా చేర్చింది. ఆంధ్రప్రదేశ్‌ సహా కొన్ని రాష్ట్రాలు ఈ బాటలో తమ చట్టాలను సవరించుకున్నాయి.

కరెంటు బిల్లు విషయంలోనూ జాగ్రత్త కావాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు వ్యాపార చిరునామా రుజువుగా అద్దె ఒప్పందం, యజమాని సమ్మతి పత్రం, కరెంటు బిల్లు చెల్లుతాయి. వీటితో కాగితాల మీదే బతికే కంపెనీలు పుట్టుకొస్తున్నాయి. వీటిని ఏరివేసేందుకు 2023 మే 16 నుంచి జులై 15 వరకు దేశవ్యాప్తంగా ప్రత్యేక డ్రైవ్‌ నడపాల్సి వచ్చింది. నివాసానికి ఇల్లు తీసుకున్న వ్యక్తి కరెంటు బిల్లు, ‘అభ్యంతరం లేదు’ పత్రం అడిగితే ఎందుకో తెలుసుకోవాలి. ఇచ్చే కాపీ మీద దేనికోసం ఇస్తున్నారో రాసి సంతకం చేయాలి.

తలుపు అవతల

అసలు బాధ్యత తాళం చేతికిచ్చాకే మొదలవుతుంది. ఒప్పందంలో ఉన్నవారు కాక రోజుకో కొత్త మనిషి కనిపించడం, ఎవరూ నివసించని గదికి భారీగా కరెంటు బిల్లు రావడం, చిన్న ఇంటికి అవసరానికి మించి ఇంటర్నెట్‌ కనెక్షన్లు, పగలంతా మూసి ఉంచే కిటికీలు, ఘాటైన రసాయన వాసన - వీటిలో ఏ ఒక్కటీ నేరానికి రుజువు కాదు. మూడు నాలుగు కలిసి కనిపిస్తే మాత్రం పట్టించుకోవాలి. వీటిని గమనించాలంటే యజమాని అప్పుడప్పుడైనా అక్కడికి రావాలి. అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉంటూ హైదరాబాద్‌, విజయవాడల్లో ఫ్లాట్లు కొన్న తెలుగువారికి ఇది పెద్ద లోటు. వారి తరఫున చూసేది బ్రోకరు. అతని కమిషన్‌ ఇల్లు నిండటంతో ముడిపడి ఉంటుంది, లోపల ఏం జరుగుతోందన్నదానితో కాదు. అలాంటివారు బాధ్యత తీసుకునే ఒక బంధువునో, అపార్ట్‌మెంట్‌ సంఘాన్నో రాతపూర్వకంగా నియమించుకోవాలి.

అనుమానం బలపడితే తాళాలు పగలగొట్టడం, కరెంటు, నీళ్లు ఆపేయడం యజమాని పని కాదు. అలా చేస్తే కేసు తిరగబడుతుంది. తేదీలతో రాసుకుని పోలీసులకు లిఖితపూర్వకంగా చెప్పాలి, అత్యవసరమైతే 112కు ఫోన్‌ చేయాలి. ఆ కాగితమే తర్వాత అతన్ని కాపాడుతుంది. ఎందుకంటే చట్టం అడిగే ప్రశ్న ‘మీకు తెలుసా?’ అన్నదే. తన ఇంటిని మాదకద్రవ్యాల నేరానికి తెలిసి వాడుకోనిచ్చిన యజమానికి ఎన్‌డీపీఎస్‌ చట్టం 25వ సెక్షన్‌ అసలు నేరానికున్న శిక్షనే విధిస్తుంది. 2011లో ఒక లారీ యజమాని కేసులో సుప్రీంకోర్టు ఇదే సెక్షన్‌ కింద, యజమానికి తెలిసే జరిగిందని తేలకుండా శిక్ష నిలబడదని చెప్పింది. అనైతిక వ్యాపార నిరోధక చట్టమూ వ్యభిచార గృహంగా నడుస్తుందని తెలిసి ఇల్లిచ్చినవారిని శిక్షిస్తుంది. ఆ చట్టం కింద మేజిస్ట్రేటు ఇంటిని ఖాళీ చేయిస్తే, ఏడాదిపాటు ఆయన అనుమతి లేకుండా మళ్లీ అద్దెకివ్వడం కుదరదు. లోపల మైనర్లు దొరికితే అది మూడేళ్లు.

నిఘాకు హద్దుంది

ప్రమాదం ఎప్పుడూ అద్దెదారు వైపు నుంచే వస్తుందనుకోవడం పొరపాటు. 2024 సెప్టెంబరులో ఢిల్లీలోని శకర్‌పూర్‌లో ఒక యువతి అద్దె గదిలో బల్బు హోల్డర్లలో రహస్య కెమెరాలు దొరికాయి. పోలీసులు అరెస్టు చేసింది ఇంటి యజమాని కుమారుణ్ణి. ఊరెళ్తూ ఆమె అతనికే తాళంచెవి ఇచ్చి వెళ్లేది. కాబట్టి నేర నివారణలో యజమాని చేయాల్సిన మొదటి పని తన చేతిలో ఉన్న తాళంచెవుల లెక్క తేల్చడం. పాత అద్దెదారు వెళ్లగానే తాళం మార్చాలి. మెట్ల మీద, గేటు దగ్గర దీపాలు వెలగాలి. సీసీ కెమెరా గేటు వైపు ఉండాలి, తలుపు లోపలికి కాదు. ఇంట్లోకి వెళ్లాలంటే 24 గంటల ముందు నోటీసు ఇవ్వాలని నమూనా చట్టమూ చెబుతోంది. అద్దె తీసుకున్నంత మాత్రాన అద్దెదారు ఏకాంతం మీద హక్కు రాదు.

ఇక్కడ ప్రభుత్వం చేయాల్సిందీ ఉంది. రెండు నెలలకోసారి కొత్తగా వచ్చే ఉత్తర్వుల బదులు స్పష్టమైన చట్టం ఉండాలి. నమోదైన వివరాలను ఎవరు, ఎంతకాలం, ఎలా భద్రపరుస్తారో అది చెప్పాలి. యజమాని ఇచ్చిన సమాచారానికి స్టేషన్‌ నుంచి జవాబు రావాలి. ఇప్పుడు చాలామంది ఫారం ఇస్తున్నది తర్వాత తమ మీదికి రాకుండా ఉండటానికే. చెబితే ఎవరో ఒకరు పట్టించుకుంటారన్న నమ్మకం కలిగిన రోజున, పై పోర్షన్‌లో ఏదో తేడాగా ఉందని చెప్పడానికి యజమాని నేరం బయటపడేదాకా ఆగడు.