బతికున్న గణితానికి తద్దినం

2025 జులైలో ఆస్ట్రేలియాలోని సన్‌షైన్ కోస్ట్‌లో అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ జరిగింది. అక్కడిచ్చిన ఆరు లెక్కల్లో ఐదింటిని గూగుల్ డీప్‌మైండ్, ఓపెన్‌ఏఐ సంస్థల కృత్రిమ మేధ చేసి చూపించింది. 42కి 35 మార్కులు, బంగారు పతకం స్థాయి. అప్పటినుంచి ఒక మాట టీవీ చర్చల్లో, ఇంజనీరింగ్ సీట్ల మంతనాల్లో, అమెరికా నుంచి వచ్చే వాట్సాప్ సందేశాల్లో తిరుగుతూనే ఉంది. ఇక లెక్కల పని అయిపోయిందట. ఆ తెలివి మెషీన్‌కే వచ్చేసింది కాబట్టి పిల్లలు వేరే దారి చూసుకోవాలట. ఇంత హడావిడిగా తద్దినం పెడుతున్నవాళ్లు ఆ మనిషిని బతికుండగా ఒక్కసారైనా చూశారా అని నా అనుమానం.

యంత్రం సాధించింది చిన్నదని నేననను. 2024లో బ్రిటన్‌లోని బాత్‌లో జరిగిన ఒలింపియాడ్ లెక్కల్లో డీప్‌మైండ్ వ్యవస్థలకు 28 మార్కులొచ్చాయి, బంగారం ఒక్క మార్కులో తప్పింది. అప్పుడు లెక్కల్ని మనుషులు కూర్చుని లీన్ అనే భాషలోకి మార్చి ఇవ్వాల్సి వచ్చింది. కొన్నింటికి మూడు రోజుల దాకా పట్టింది. ఏడాది తిరిగేసరికి మామూలు ఇంగ్లిష్‌లో ఉన్న ప్రశ్నలు చదువుకుని, పిల్లలకిచ్చిన గడువులోనే జవాబులు రాసేశాయి. ‘ఇదంతా కాలిక్యులేటర్‌కు పెద్దన్న’ అని పెదవి విరిచేవాళ్లతో నాకు పొత్తు లేదు. 2025 నాటి ఆరో లెక్క మాత్రం యంత్రాలకు కొరుకుడు పడలేదు, కొందరు పిల్లలు చేశారు. దాన్ని చూసి మురిసిపోవడమూ దండగే. ఇవాళ చేయలేనిది రేపు చేస్తాయి.

నా తగాదా మార్కులతో కాదు, గణితమంటే జవాబు రాబట్టడమే అన్న నమ్మకంతో.

1847 మార్చి 1న పారిస్ అకాడమీలో గణితవేత్త గాబ్రియెల్ లామే లేచి, ఫెర్మా చివరి సిద్ధాంతాన్ని నిరూపించేశానని ప్రకటించాడు. వెంటనే సాటి గణితవేత్త లియువిల్ ఒక సందేహం లేవదీశాడు. 6ను ప్రధాన సంఖ్యల లబ్ధంగా రాయాలంటే 2 × 3 తప్ప మరో దారి లేదని మనం బడిలోనే నేర్చుకుంటాం. లామే వాడిన కొత్తరకం సంకీర్ణ సంఖ్యల్లోనూ అలా ఒకే దారి ఉంటుందని ఎవరు చెప్పారు? ఉండనక్కర్లేదు. √−5ను లోపలికి రానిస్తే అదే 6ను (1 + √−5)(1 − √−5) అని కూడా రాయవచ్చు, ఈ ముక్కలు ఇక విరగవు. లామే సంఖ్యల్లోనూ ఇలాంటి చిక్కే ఉందని ఎర్నెస్ట్ కుమ్మర్ 1844లోనే ప్రచురించి ఉన్నాడు. నిరూపణ కుప్పకూలింది. కానీ ఆ చిక్కును విప్పే ప్రయత్నంలోంచే కుమ్మర్ ‘ఆదర్శ సంఖ్యలు’, ఆ తర్వాత డెడెకిండ్ ‘ఐడియల్స్’ పుట్టుకొచ్చాయి. బీజగణితంలో ఒక కొత్త ఖండమే తెరుచుకుంది. ఫెర్మా జవాబు మాత్రం మరో దాదాపు నూటయాభై ఏళ్లకు, ఆండ్రూ వైల్స్ చేతిలో తేలింది.

ఆ రోజే అకాడమీ బల్లమీద ఒక యంత్రం ఉండి ‘ఫెర్మా చెప్పింది నిజమే’ అని మాత్రం తేల్చేసి ఉంటే? జవాబు వచ్చేది, ఆ జవాబులోంచి ఐడియల్స్ మాత్రం వచ్చేవి కావు. క్వాంటం కంప్యూటర్లు వచ్చినా బద్దలవకూడదని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024లో ఖరారు చేసిన గూఢలిపి పద్ధతి ఎంఎల్-కెమ్ నడిచేది కుమ్మర్ తవ్విన ఆ సంఖ్యల కుటుంబం మీదే. ఫెర్మా ప్రశ్నకు ‘అవును’ అన్న ముక్కతో ఇవాళ్టి దాకా ఎవరికీ పైసా పని పడలేదు!

ఆ కుమ్మర్ పనీ యంత్రమే చేస్తే అంటారా? చేయనివ్వండి, సంతోషమే. చేసిందో లేదో తేల్చేదెవరు? 2025 అక్టోబరులో ఓపెన్‌ఏఐ ఉన్నతోద్యోగి ఒకరు, గణితవేత్త ఎర్డోష్ వదిలివెళ్లిన పది సమస్యలకు జీపీటీ-5 పరిష్కారాలు కనిపెట్టిందని చాటారు. తీరా చూస్తే ఆ పరిష్కారాలు ఎప్పుడో అచ్చయిన పేపర్లలోనే ఉన్నాయి, యంత్రం వాటిని వెతికి పట్టుకుంది. మరుగునపడ్డ పేపర్‌ను వెలికి తీయడం మంచి సేవే. కానీ ఆ తేడా చెప్పింది ఆ సమస్యల జాబితాను నిర్వహించే గణితవేత్త థామస్ బ్లూమ్. ఇలాంటి ప్రకటనలు వారానికొకటి వచ్చే రోజుల్లో అలాంటి మనుషులు తక్కువ కావాలా, ఎక్కువ కావాలా?

అసలు సంగతి ఇంకొకటి. హైదరాబాద్, విజయవాడ కార్పొరేట్ కాలేజీల్లో మనం లెక్కల పేరిట నేర్పుతున్నదేమిటి? ఫార్ములా, షార్ట్‌కట్, ఆప్షన్ల ఏరివేత, ర్యాంకు. ఎందుకు అని అడిగిన పిల్లాడికి ‘సిలబస్‌లో లేదు, ముందుకు పద’ అన్న సమాధానం. యంత్రం వచ్చి ఓడించింది దీన్ని. అది అయిపోతే అయిపోనివ్వండి, నాకు దుఃఖం లేదు. తద్దినం పెట్టేవాళ్లకు తెలిసిన గణితం ఇదొక్కటే కాబట్టి వాళ్ల కంగారూ అర్థమవుతుంది. అయితే తమ ఇంటి దీపం ఆరిందని ఊరంతా చీకటంటే ఎలా?

మెషీన్ రాసిన పది పంక్తుల నిరూపణను ఇంటర్ పిల్లల చేతికిచ్చి, ఇందులో తప్పు ఏ పంక్తిలో ఉంది, అది ఎందుకు తప్పు అని అడగడానికి కొత్త పుస్తకాలు అక్కర్లేదు, కొత్త ల్యాబులూ అక్కర్లేదు. లియువిల్ అడిగింది అదే. అలాంటి ప్రశ్న ఉన్న ఎంట్రన్స్ పేపర్ మాత్రం నేనింతవరకు చూడలేదు.